క్లచ్ ఎక్కడ ఆపాలో నేర్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. కారు నేర్పే బండి ఏదైనా సరే, మొదటి రోజు అందులో వినిపించే మాట ఒక్కటే: "క్లచ్ మెల్లగా వదలండమ్మా... మెల్లగా... మెల్లగా." అంతలోనే బండి ఒక ఊపు ఊపి ఆగిపోతుంది. నేర్చుకునేవారు తప్పు తమ కాలిదే అనుకుంటారు. నేర్పేవారు మళ్లీ అదే మాట అంటారు. లైసెన్సు చేతికొచ్చాక కూడా ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ట్రాఫిక్ ఆగితే చెమటలు పట్టేవారు, సెల్లార్ ర్యాంపు మీద బండి వెనక్కి జారుతుందన్న భయంతో కారును వీధిలోనే వదిలేసేవారు మన ఊళ్లలో కొల్లలు. ఇందులో ఆ "మెల్లగా"కి పెద్ద వాటానే ఉంది. ఆ సలహా తప్పు కాదు, సగం సలహా. పెడల్ ఏ భాగంలో చురుగ్గా వదలాలి, ఏ భాగంలో మెల్లగా వదలాలి, ఎక్కడ కదపకుండా ఆపి ఉంచాలి అన్నది చెప్పకపోతే కాలికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

క్లచ్ పెడల్ కింది నుంచి పైదాకా ఒకేలా పనిచేయదు. ఇంజిన్ చివర తిరిగే ఫ్లైవీల్‌కూ, దానికి బిగించిన ప్రెజర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కితే రిలీజ్ బేరింగు వెళ్లి స్ప్రింగును నొక్కుతుంది, ప్రెజర్ ప్లేటు పట్టు వదిలేస్తుంది. ఇంజిన్ తన మానాన తిరుగుతుంటుంది, చక్రాలకు ఏమీ అందదు. పెడల్ వదులుతూ వస్తే మొదట కొంత దూరం ఏమీ జరగదు. తర్వాత ప్లేటు ఫ్లైవీల్‌ని రాసుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు మూడు సెంటీమీటర్లలోనే అసలు పని మొత్తం జరిగిపోతుంది, ఆ పైన ఉన్నదంతా ఖాళీ ప్రయాణం. పెడల్ మొత్తం కదలిక 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉందనుకుంటే, జాగ్రత్త కావాల్సింది ఆ రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరే. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనేది దీన్నే. కింది ఖాళీ భాగంలో కూడా మెల్లగా, మెల్లగా అంటూ కాలు లాగి లాగి, అసలు చోటు వచ్చేసరికి అలసిపోయి వదిలేయడమే కొత్తవారు చేసే పని. నిజానికి కింది భాగం చకచకా వదిలేయొచ్చు.

ఆ చోటు దొరకబుచ్చుకోవడానికి యాక్సిలరేటర్ అక్కర్లేదు. అక్కర్లేకపోవడం కాదు, మొదటి గంటన్నర దాని మీద కాలు పెట్టనివ్వకూడదు. చదునైన చోటు కావాలి. ఊరి బయట వెంచర్లలో వేసిన ఖాళీ రోడ్లు, సెలవు రోజు మార్కెట్ యార్డు ఆవరణ లాంటివి చాలు. ఏసీ ఆపేయాలి, ఎందుకంటే చిన్న పెట్రోలు ఇంజిన్ మీద కంప్రెసర్ భారం పడితే బండి ఇంకా తొందరగా ఆగిపోతుంది. మన ఎండల్లో ఏసీ లేకుండా నేర్చుకోమనడం శిక్షే కాబట్టి ఈ పాఠం పొద్దున్నే ఆరు గంటలకు పెట్టుకోవడం మంచిది. క్లచ్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు దించి, కుడికాలు బ్రేకు మీద నుంచి తీసి పక్కన పెట్టి, క్లచ్ వదులుతూ రావాలి. పట్టే చోటు వచ్చినట్టు మూడు గుర్తులు తెలుస్తాయి: ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే) ముల్లు కొద్దిగా పడుతుంది, సీటు కింద సన్నటి వణుకు వస్తుంది. అక్కడ కాలు ఆపాలి. బండి దానంతట అదే కదులుతుంది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో ఆర్‌పీఎం పడిపోతుంటే కంప్యూటరే ఇంధనం కాస్త పెంచి నిలబెడుతుంది కాబట్టి చదును మీద పెట్రోలు కారైనా, డీజిల్ కారైనా యాక్సిలరేటర్ లేకుండానే కదలాలి.

అసలు కిటుకు కదిలాక ఉంది. బండి కదిలీ కదలగానే "హమ్మయ్య" అనుకుని కాలు తీసేస్తారు, అప్పుడే ఆగిపోతుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఇంజిన్ ఊరికే తిరిగే వేగం సుమారు 800 ఆర్‌పీఎం. మామూలు చిన్న కారు మొదటి గేరులో ఇంజిన్ దాదాపు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, చక్రం ఒక చుట్టుకు బండి సుమారు 1.8 మీటర్లు పోతుంది. అంటే క్లచ్ పూర్తిగా పట్టుకున్నాక 800 ఆర్‌పీఎం దగ్గర బండి గంటకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుండాలి, మనిషి వడిగా నడిచినంత. బండి ఇంకా గంటకు రెండు కిలోమీటర్ల దగ్గరుండగానే పెడల్ వదిలేస్తే ఇంజిన్ తటాలున 260 ఆర్‌పీఎంకి దిగాలి. ఏ ఇంజినూ ఆ వేగంలో బతకదు. అందుకే బండి రెండు నుంచి ఆరుకు చేరేదాకా, అంటే ఒకటిన్నర రెండు సెకన్లు, ప్లేటు జారుతూ ఉండాలి. కాలు హాఫ్ క్లచ్ దగ్గర రెండు సెకన్లు ఆపి, బండి నడక వేగం అందుకున్నాక మిగతాది వదిలేస్తే కుదుపు ఉండదు. నోటితో "ఒకటి... రెండు" అని లెక్కపెట్టించి చూడండి, ఇరవై ముప్పై సార్లు చేసేసరికి కాలికి అలవాటైపోతుంది.

బండి ఆగిపోతే క్లచ్, బ్రేకు రెండూ తొక్కి మళ్లీ స్టార్ట్ చేయడమే. వెనక హారన్లు కొట్టేవారు కొడుతూనే ఉంటారు.

క్లచ్ ఒక్కదానితో కదలడం, ఆగడం, వెనక్కి పోవడం వచ్చాకే కుడికాలు రంగంలోకి దిగాలి. మడమ నేల మీద ఆనించి, పాదం ముందు భాగంతో యాక్సిలరేటర్‌ని 1200 నుంచి 1500 ఆర్‌పీఎం దాకా తెచ్చి అక్కడే నిలపాలి. ముల్లు చూస్తూ కాదు, చెవితో. కప్పగంతులు మొదలయ్యేది ఇక్కడే. బండి ఒక్క కుదుపు కుదిపితే ఒళ్లు వెనక్కి పోతుంది, దాంతో కాలు పెడల్ మీద నుంచి లేస్తుంది, ఇంజిన్ పడుతుంది, ఒళ్లు ముందుకొస్తుంది, కాలు మళ్లీ నొక్కుతుంది. ఇలా కారూ కాలూ ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి. యాక్సిలరేటర్‌తో సర్దబోతే ఇంకా పెరుగుతుంది. వెంటనే క్లచ్ పూర్తిగా తొక్కేసి, కుడికాలు తీసేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడమే దీనికి మందు. మడమ నేలకు ఆని ఉంటే ఈ గంతులు సగానికి సగం పుట్టవు.

కాబట్టి సీటు సంగతి ముందే చూసుకోవాలి. క్లచ్‌ను అట్టడుగుదాకా తొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కాస్త వంగి ఉండాలి. సీటు దూరమైతే చివరి సెంటీమీటరు అందదు, క్లచ్ పూర్తిగా విడిపోదు, గేరు కరకరమంటుంది. మరీ దగ్గరైతే మోకాలు స్టీరింగుకి తగులుతుంది. వెనక పట్టీ లేని చెప్పులు వద్దు. మందపాటి సోలు ఉన్న స్పోర్ట్స్ షూస్‌తోనూ పట్టే చోటు సరిగ్గా తెలియదు. మడతపడ్డ ఫ్లోర్ మ్యాటు క్లచ్ కింద చేరితే పెడల్ పూర్తిగా దిగదు. సీటు కింద దొర్లే నీళ్ల సీసా బ్రేకు కిందికి చేరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

గేర్లు మార్చడంలో "ఒకటి నుంచి రెండు" ఎందుకంత కుదుపుతుందో చాలామంది నేర్పేవారు కూడా చెప్పరు. మామూలు ఐదు గేర్ల కారులో గేరుబాక్సు నిష్పత్తులు (గేరుబాక్సు బయటికి ఒక చుట్టు తిప్పడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో) వరుసగా 3.5, 1.9, 1.3, 0.95, 0.75 చుట్టూ ఉంటాయి. మొదటి గేరులో 2500 ఆర్‌పీఎం దగ్గర, అంటే గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్ల వేగంలో, రెండో గేరుకు మారితే ఇంజిన్ 1350 దగ్గరికి దిగాలి, దాదాపు సగానికి. అదే నాలుగు నుంచి ఐదుకైతే 2500 నుంచి 1975కి దిగితే చాలు. ఒకటి నుంచి రెండుకు ఇంజిన్ దిగాల్సిన మెట్టు రెట్టింపు ఎత్తు అన్నమాట. అది దిగకముందే క్లచ్ వదిలేస్తే ఇంజిన్ మిగులు వేగం మొత్తం బండిని ఒక్కసారి ముందుకు తోస్తుంది. మరీ ఆలస్యం చేసినా చిక్కే. ఇంజిన్ 800కి పడిపోయాక వదిలితే ఈసారి బండే ఇంజిన్‌ని ఈడ్చాలి కాబట్టి తల ముందుకు వాలుతుంది. అందుకని యాక్సిలరేటర్ తీయడం, క్లచ్ తొక్కడం ఒకేసారి చేసి, లివర్‌ను న్యూట్రల్లో ఒక్క క్షణం ఆపి రెండోదానికి లాగి, క్లచ్‌ను పట్టే చోటుదాకా చురుగ్గా తెచ్చి, అక్కడ అర సెకను ఆపి, ఆ తర్వాత పూర్తిగా వదిలి యాక్సిలరేటర్ అందుకోవాలి. పై గేర్లకు ఆ అర సెకను కూడా అక్కర్లేదు.

ఏ వేగంలో ఏ గేరు అంటే, చదును రోడ్డు మీద 15-20కి రెండు, 30 దగ్గర మూడు, 40-45 దగ్గర నాలుగు, 60 చుట్టూ ఐదు. ఇది మొదటి నెలకు పనికొచ్చే పట్టిక మాత్రమే, తర్వాత చెవి చెబుతుంది. మైలేజీ వస్తుందని 35లోనే నాలుగో గేరు వేసి, ఇంజిన్ గొణుగుతుంటే అలాగే తొక్కుతూ పోయేవారున్నారు. దానివల్ల మైలేజీ రాదు, ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే మౌంటింగులు మాత్రం దెబ్బతింటాయి.

లివర్‌ను పిడికిట్లో బిగించి పట్టడం ఇంకో జబ్బు. చాలా కార్లలో న్యూట్రల్లో వదిలేస్తే లివర్ స్ప్రింగు బలంతో దానంతట అదే మూడు-నాలుగు గేర్ల వరుసలోకి వచ్చి నిలబడుతుంది. రెండు నుంచి మూడుకు పోవాలంటే అరచేత్తో ముందుకు తోసి, మధ్యలో పట్టు వదిలి, మళ్లీ ముందుకు తోస్తే చాలు, అదే మూడులో పడుతుంది. బిగించి పక్కకు నెట్టబోతే ఐదులో పడుతుంది. దీనికంటే ప్రమాదం ఐదు నుంచి నాలుగుకు రాబోయి రెండులో వేయడం. 80 వేగంలో రెండో గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్‌ని చక్రాలే ఐదున్నర వేల ఆర్‌పీఎం పైకి తిప్పేస్తాయి, తడి రోడ్డయితే ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. ఐదు నుంచి నాలుగుకు లివర్‌ను తిన్నగా వెనక్కి లాగాలి, ఎడమవైపు నెట్టకూడదు. రివర్సు విషయంలో ఒక్కటే నియమం: బండి పూర్తిగా ఆగాలి. ముందుకు పోయే గేర్లకు వేగాలు కలిపే సింక్రోమెష్ ఉంటుంది, చాలా బళ్లలో రివర్సుకు ఉండదు. కరకరమంటే బలవంతం చేయకుండా ఒకసారి మొదటి గేరు వేసి తీసి, అప్పుడు రివర్సు వేస్తే మెత్తగా పడుతుంది.

గేరు తగ్గించడం మన దగ్గర దాదాపు ఎవరూ నేర్పని పాఠం. స్పీడ్ బ్రేకర్ వచ్చింది, మూడో గేరులో 25కి వచ్చాం, రెండు వేయాలి. 25 వేగంలో మూడో గేరుకు ఇంజిన్ 1200 దగ్గర తిరుగుతుంది, రెండో గేరుకు 1750 దగ్గర తిరగాలి. ఆ తేడా 550 ఆర్‌పీఎం ఎవరో ఒకరు ఇవ్వాలి. క్లచ్ ఠక్కున వదిలితే బండి వేగంలోంచి లాక్కుంటుంది, వెనక సీట్లో పెద్దవాళ్లు ముందు సీటు పట్టుకుంటారు. దారులు రెండు. క్లచ్‌ను పట్టే చోట ఒక సెకను ఆపి ప్లేటును జారనిస్తూ వదలడం కొత్తవారికి. క్లచ్ తొక్కి ఉన్నప్పుడే యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఇంజిన్‌ని ఆ 1750 దగ్గరికి లేపి, వెంటనే క్లచ్ వదలడం చెయ్యి తిరిగినవారికి. రెండోది కుదిరితే గేరు మారినట్టు పక్కవారికి తెలియదు, ప్లేటు అరుగుదల కూడా దాదాపు ఉండదు.

ఆగేటప్పుడు ముందు క్లచ్ తొక్కి తర్వాత బ్రేకు వేసే అలవాటు డ్రైవింగ్ స్కూలు బళ్లలోనే అంటుకుంటుంది, బండి ఆగిపోకూడదన్న భయంతో నేర్పేవారే నేర్పుతారు. ముందు బ్రేకు. గేరులో ఉన్న ఇంజిన్ కూడా బండిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ సాయాన్ని చివరిదాకా వాడుకోవాలి. వేగం గంటకు పది పదిహేను కిలోమీటర్లకు వచ్చి, ఇంజిన్ 1000 ఆర్‌పీఎం కిందికి దిగబోతుండగా క్లచ్ తొక్కితే చాలు. అత్యవసరంగా ఆపాల్సివస్తే లెక్కలేమీ లేవు, రెండూ గట్టిగా తొక్కడమే. మామూలుగా ఆగేటప్పుడు తల ఊగకుండా ఉండాలంటే చివరి మీటరులో బ్రేకు మీద ఒత్తిడి కొద్దిగా తగ్గించాలి. పూర్తిగా వదలమని కాదు, సగానికి తగ్గించమని.

ఎత్తు మీద బండి కదిలించడం దగ్గరికి వద్దాం. హైదరాబాద్ అపార్టుమెంట్ల సెల్లార్లు, విశాఖలో కొండవాలు వీధులు, ఏ ఊళ్లోనైనా రైల్వే బ్రిడ్జి ఎక్కే దారి. ఎవరికీ తప్పని పని ఇది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, కుడికాలు ఫుట్ బ్రేకు మీద నుంచి తీయాలి. మొదటి గేరు. యాక్సిలరేటర్ 1500 దగ్గర, ఎత్తు ఎక్కువైతే 1800 దగ్గర నిలపాలి. క్లచ్ వదులుతూ రాగా ఇంజిన్ గొంతు మారుతుంది, బానెట్ ఒక అంగుళం పైకి లేచినట్టు కనిపిస్తుంది. అక్కడ రెండు కాళ్లూ బిగబట్టాలి. అప్పుడు హ్యాండ్ బ్రేకును కొంచెం పైకి లాగి, బటన్ నొక్కి దించాలి. బండి వెనక్కి జారదు, నిలబడి ఉంటుంది లేదా చీమలా ముందుకు పాకుతుంది. జారితే హాఫ్ క్లచ్ ఇంకా రాలేదని అర్థం, చేయి మళ్లీ హ్యాండ్ బ్రేకు లాగాలి తప్ప కాలు కంగారుపడి క్లచ్ వదలకూడదు. పాకడం మొదలయ్యాక యాక్సిలరేటర్ ఒక వెంట్రుకవాసి పెంచి, ఆపైన మిగతా క్లచ్ వదలాలి. కొత్తవారు తప్పేది వరుసలోనే: హ్యాండ్ బ్రేకు ముందు దించేసి, బండి జారుతుంటే క్లచ్ కోసం వెతుక్కుంటారు. కొన్ని కొత్త కార్లలో బ్రేకు వదిలాక రెండు సెకన్ల పాటు బండిని పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉంది. మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని నేర్చుకున్నవారు అది లేని బండి ఎక్కిన రోజు వెనకవాడి బంపర్ దగ్గర తేలతారు.

ఎత్తు మీద ఆగి ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ నిలబెట్టడం కొందరికి గొప్ప. ప్లేటు మీద ఉన్న రాపిడి పదార్థం ఆ కొద్దిసేపట్లోనే వేడెక్కి మాడు వాసన కొడుతుంది. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లోనూ అంతే. ముందు బండి రెండడుగులు కదిలిందని మనమూ రెండడుగులు కదలక్కర్లేదు, ఒక కారు పట్టేంత ఖాళీ రానిచ్చి మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి పాకనివ్వాలి. సిగ్నల్ దగ్గర అర నిమిషం ఆగాల్సివస్తే న్యూట్రల్ చేసి కాలు తీసేయాలి. గేరులో క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చుంటే రిలీజ్ బేరింగు అరుగుతుంది. నడుపుతున్నంతసేపూ క్లచ్ మీద పాదం ఆనించి ఉంచే అలవాటుకీ అదే ఫలితం. ఒకే మోడల్ కారులో క్లచ్ ప్లేటు ఒకరికి 30 వేల కిలోమీటర్లకే పోతుంది, ఇంకొకరికి లక్ష దాటుతుంది. తేడా ఎడమకాలిదే.

దిగుడు మీద న్యూట్రల్ వేసుకుని పోవడం గురించి ఈ ఉత్తరంలో ఒక మాట రాయకుండా ఉండలేం. శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి, తిరుమల ఘాట్లలో పెట్రోలు మిగులుతుందని ఇప్పటికీ న్యూట్రల్ చేసేవారు, కొందరైతే ఇంజినే ఆపేసేవారు ఉన్నారు. ఇంజెక్షన్ కారులో లెక్క తిరగబడింది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి కాబట్టి ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజిన్ తిరుగుతుండడానికి ఇంధనం కాలుతూనే ఉంటుంది. మిగిలేది ఏమీ లేకపోగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ప్యాడ్లు కాగి, ఫ్లూయిడ్ మరిగి, పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. ఇంజిన్ ఆపేస్తే ఇంకా ఘోరం: బ్రేకుకు బలమిచ్చే బూస్టరు ఇంజిన్ వాక్యూమ్ మీద నడుస్తుంది, రెండు మూడు తొక్కుళ్లకే అది ఖాళీ అయి పెడల్ రాయిలా బిగుస్తుంది. స్టీరింగూ బరువెక్కుతుంది, తాళం చెవి ఇంకాస్త తిరిగితే లాకే పడుతుంది. పాత లారీ డ్రైవర్ల లెక్కే సరైనది: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. మలుపుల దగ్గర రెండు, తిన్నటి చోట మూడు.

ప్రతి కుదుపూ నేర్చుకునేవారి తప్పు కాదని కూడా రాయాలి. కేబుల్ క్లచ్ ఉన్న బండిలో ప్లేటు అరిగేకొద్దీ పట్టే చోటు పైకి పోతుంది, సర్దుబాటు చేయించకపోతే పెడల్ చివర్లో పట్టుకుని ఠక్కున ఊపుతుంది. ఫ్లైవీల్ ముఖం కాలి గట్లు పడినా, ప్లేటుకు ఆయిల్ అంటినా కదిలేటప్పుడు బండి గజగజలాడుతుంది. ఇంజిన్ మౌంటింగు చిరిగితే గేరు మార్చిన ప్రతిసారీ దబ్బుమంటుంది. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటే ఊరికే తిరిగే వేగం నిలకడగా ఉండదు. క్లచ్ జారుతోందేమో చూడాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగం నుంచి గట్టిగా తొక్కి చూడండి. ఆర్‌పీఎం ముల్లు చకచకా లేచి స్పీడు ముల్లు మాత్రం నత్తనడక నడిస్తే ప్లేటు అయిపోయినట్టే. డ్రైవింగ్ స్కూలు బళ్లు రోజంతా కొత్త కాళ్ల కింద నలుగుతాయి. అలాంటి బండిలో సాఫీగా కదలడం అనుభవజ్ఞులకే రాదు, కొత్తవారికి ఎలా వస్తుంది?

ఇక అసలు అభ్యంతరం. నేర్పేవారి వైపు కూడా క్లచ్, బ్రేకు ఉండే బండి వాడాలన్నది నిబంధన, భద్రత కోసం ఆ రెండో బ్రేకు ఉండి తీరాలి. కానీ రెండో క్లచ్‌ను చాలాచోట్ల బండి ఆగకుండా కాయడానికి వాడుతున్నారు. నేర్చుకునేవారు కాలు వదిలేస్తారు, పక్క కాలు పెడల్‌ను పట్టే చోట ఆపుతుంది, బండి సాఫీగా కదులుతుంది. ఇరవై రోజులూ ఇలాగే గడిచిపోతే ఎడమకాలికి ఏ ముద్రా పడదు. సొంత కారు ఎక్కిన మొదటి రోజే సంగతి బయటపడుతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోనే వచ్చాయి. డ్రైవింగ్ స్కూళ్లలో రవాణాయేతర వాహనాలకు (సొంత కార్ల లాంటివాటికి) శిక్షణ 21 రోజులకు తగ్గకూడదని, అందులో బండి నడిపే సమయం పది గంటలకు తగ్గకూడదని వాటిలో ఉంది. గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలకైతే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం కారు కోర్సు 29 గంటలు, అందులో 21 గంటలు రోడ్డు మీద, ఎత్తుపల్లాల మీద నడపడం కూడా అందులో భాగమే. ఒకే కారులో నలుగురిని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరికి పావుగంట స్టీరింగ్ ఇచ్చే చోట 21 రోజులకు ఐదుంపావు గంటలు దాటవు. లైసెన్సు పరీక్షలో ఏమేం చూడాలో చెప్పే 15వ నిబంధనలో మొదటి గేరు నుంచి పై గేరుదాకా సాఫీగా మార్చుకుంటూ పోవడం, దిగుడులో త్వరగా కింది గేరుకు రావడం, నిటారు ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం అన్నీ ఉన్నాయి. ట్రాకు మీద ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి, రివర్సులో ఒక గళ్లో పెట్టగానే చాలనుకునే చోట ఈ మూడూ ఎవరూ అడగరు. ఎనిమిది మొత్తం మొదటి గేరులో, క్లచ్ సగం తొక్కి తిప్పేయొచ్చు, తిప్పుతున్నారు కూడా.

అందుకే రెండు రాష్ట్రాల రవాణా శాఖలకు మీ పత్రిక ద్వారా అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి టెస్టు ట్రాకులోనూ ర్యాంపు వాడకంలో ఉండాలి. దాని మీద ఆపి, కదిలించి చూశాకే లైసెన్సు ఇవ్వాలి. ఆ సమయంలో నేర్పినవారు పక్క సీట్లో ఉండకూడదు, ఉంటే రెండో క్లచ్ మీద కాలు ఉండకూడదు.

ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని డ్రైవింగ్ స్కూలుకు వెళ్తున్నవారికి ఒక సూచన. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, పరీక్షకు 30 రోజులు ఎలాగూ ఆగాలి, కాబట్టి తొందర లేదు. ఫీజు కట్టేముందే మూడు విషయాలు అడగండి: రోజూ నా చేతికి స్టీరింగ్ ఎన్ని నిమిషాలు ఇస్తారు, మొదటి రెండు రోజులు యాక్సిలరేటర్ లేకుండా నేర్పుతారా, ఎత్తు మీద ఏ రోజు ఎక్కిస్తారు. వారం తర్వాత ఒకసారి మీ ఎడమ పక్కకు, నేర్పేవారి పాదాల వైపు చూడండి. క్లచ్ మీద కాలు ఉంటే తీయమని మర్యాదగా అడగండి. ఆ వెంటనే బండి నాలుగుసార్లు ఆగిపోతుంది, పర్వాలేదు, ఐదోసారి కదిలించేది మీరే.

భవదీయులు,
కారు డ్రైవింగ్ శిక్షకులు కొందరు,
గుంటూరు